పనికీ పనికీ నడుమ

నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లు కట్టించుకునే మామూలు పద్ధతి ఒకటుంది. సామాను ఇంటివారిది, పని మేస్త్రిది. సిమెంటు, ఇసుక, కంకర, ఇనుము, ఇటుక ఇంటివారే కొని స్థలంలో దింపిస్తారు. తాపీపని ఒకరికి, సెంట్రింగు ఒకరికి, తలుపులూ కిటికీలూ వడ్రంగికి మాట్లాడుకుంటారు. వైరింగు, నీళ్ల గొట్టాలు, టైల్సు, రంగులు ఇంకా వేరువేరు వాళ్లవి. వీళ్లందరి మీదా ఉండవలసిన కాంట్రాక్టరు ఉండడు. అతనికి పోవలసిన లాభం ఇంటివారికి మిగులుతుంది. అతను చేయవలసిన పని కూడా వాళ్లకే మిగులుతుంది. ఆ పనికి పేరు లేదు. తాపీపని ఆగి కరెంటు పని మొదలయ్యే చోట, సెంట్రింగు అయిపోయి ఇనుము పరవడం మొదలయ్యే చోట నిలబడి చూసుకోవడమే ఆ పని. ఎవరి పని వారికి బాగానే వస్తుంది. ఇల్లు చెడేది పనికీ పనికీ నడుమ ఉండే సందులో.

ప్రభుత్వ పథకాలు కూడా ఈ పద్ధతిని లెక్కలోకి తీసుకున్నాయి. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలో లబ్ధిదారులు తామే కట్టుకునే ఇంటికి కేంద్రం వాటా లక్షన్నర రూపాయలు. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లపట్టాల పంపిణీ మొదలైనప్పుడు పెట్టిన మూడు దారుల్లో ఒకటి, ఇంటివారే కట్టుకుంటే దశలవారీగా డబ్బు చెల్లించడం. పునాది, బేస్‌మట్టం, స్లాబు అని సర్కారు లెక్కలో ఉండే మెట్లే మేస్త్రి చీటీలోనూ ఉంటాయి.

అన్నిటికంటే ముందు నేల సంగతి. నందిగామ చుట్టూ పత్తికీ మిరపకూ పేరున్న నల్లరేగడి, గోడకు మాత్రం పగ. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. ఏటా ఒకసారి ఇంటిని పైకెత్తి కిందికి దించుతుందన్నమాట. నెర్రె ఎంత లోతుకు దిగుతుందో పునాది అంతకంటే కిందికి పోవాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున గడ్డలా ఉబ్బి ఉండే పైల్సు పద్ధతిని రూపొందించింది. అందులో గడ్డ వ్యాసం మామూలుగా కాండానికి రెండున్నర రెట్లు. లోతైన రేగడిలో పైలు పొడవు 3.5 మీటర్లకు తగ్గకూడదని భారతీయ ప్రమాణం చెబుతుంది. జగ్గయ్యపేట వైపు సున్నపురాతి నేల. ఒకే వీధిలో ఒక స్థలంలో మూడడుగులకే రాయి తగిలితే, నాలుగిళ్ల అవతల రేగడి ఇంకా దిగుతూనే ఉండవచ్చు. అందుకే పక్కింటికి ఎంత లోతు తీశారన్నది ఆనవాలే గాని కొలత కాదు. పాదుల గోతులు తవ్విన రోజున ఇంజనీరు వచ్చి అడుగు చూడాలి. ఈ ఫీజు దగ్గర పొదుపు చేసేవాళ్లు ఎక్కువ. పైగా మునిసిపాలిటీ అనుమతి కోసం గీయించిన ప్లాను చేతిలో ఉంది కదా అనుకుంటారు. అది గదులు ఎక్కడ వస్తాయో చెబుతుంది. ఏ స్తంభంలో ఎన్ని ఊచలు, ఎంత మందానివి అన్నది స్ట్రక్చరల్ డ్రాయింగు చెప్పాలి. అది లేనిచోట మేస్త్రి అలవాటే డ్రాయింగు.

సామాను విషయంలో ఈ ప్రాంతానిది అదృష్టమే. జగ్గయ్యపేట సున్నపురాతిని నమ్ముకుని జయంతిపురంలో 1987లో మద్రాస్ సిమెంట్స్, అంటే నేటి రామ్‌కో, ఫ్యాక్టరీ వచ్చింది. 2011లో ముక్త్యాలలో కేసీపీ వాళ్లది వచ్చింది. ఇబ్రహీంపట్నంలో 1979లో నడక మొదలుపెట్టిన థర్మల్ కేంద్రపు బూడిదతో చేసే ఇటుకలు దగ్గరలోనే దొరుకుతాయి. కంకరకు పరిటాల, కంచికచర్ల కొండల దగ్గరి క్రషర్లున్నాయి. ఇసుకకు మునేరు, కృష్ణ ఉండనే ఉన్నాయి. అయినా ఫ్యాక్టరీ పక్కనున్నంత మాత్రాన బస్తా కొత్తదని కాదు. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. మూడు నెలలు దాటిన సరుకును పరీక్ష చేయించకుండా స్లాబులో వాడకూడదు. బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటైతే ఎంత శాతం కలిసిందో కూడా బస్తా మీదే ఉంటుంది. ప్రమాణం ప్రకారం అది 15 నుంచి 35 శాతం లోపు.

ఇసుకను 2024 జులై 8 నుంచి రాష్ట్రంలో ఉచితం చేశారు. తవ్వకం, రవాణా ఖర్చులు మాత్రం కొనేవారివే. ట్రాక్టరులో వచ్చేదాన్ని యూనిట్లలో లెక్కవేస్తారు. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు. తడిసిన ఇసుక ఉబ్బుతుంది. అయిదారు శాతం తేమకే ఘనపరిమాణం పాతిక శాతం దాకా పెరుగుతుంది. తడి ఇసుకను కొలతమీద కొంటే కొంత గాలిని కూడా కొన్నట్టే. మట్టి ఎంతుందో తెలుసుకోవడానికి గాజుసీసా చాలు. సగం ఇసుక, పైన నీళ్లు పోసి గిలకొట్టి రెండుమూడు గంటలు కదపకుండా ఉంచితే ఇసుక మీద ఒండు పొరగా పేరుతుంది. ఆ పొర ఇసుక మందంలో పన్నెండో వంతు దాటితే ఆ ఇసుక కాంక్రీటుకు పనికిరాదు. ఇనుము లెక్క ఇంకా తేలిక. ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మిల్లీమీటర్ల ఊచ, 12 మీటర్ల పొడవు, 10.7 కిలోలు తూగాలి. దుకాణం వేబ్రిడ్జి చీటీకీ ఈ లెక్కకూ పెద్ద తేడా ఉంటే అడగవలసింది మేస్త్రిని కాదు, దుకాణదారుని.

ఇక మేస్త్రి. అతన్ని కూలీలలో పెద్దవాడిగా మాత్రమే చూస్తే అతని పని సగమే అర్థమవుతుంది. ముఠాను నిలబెట్టుకోవడం అతని అసలు పని. కూలీలకు తను అడ్వాన్సులిచ్చి ఉంటాడు. పని లేని రోజున వాళ్లు అడ్డా మీద ఇంకొకరి పనికి వెళ్లిపోతారు, మళ్లీ దొరకరు. అందుకే ఇటుక రాక రెండు రోజులు ఆగితే అతను ముఠాను తీసుకుని వేరే ఇంటికి పోతాడు. అక్కడ పని సగంలో వదిలి రాలేక వారం తర్వాత కనిపిస్తాడు. ఇంటివారు దాన్ని మోసమంటారు. అందులో పొట్టకూటి లెక్కే ఎక్కువ. వారానికి సరిపడా సామాను ముందే స్థలంలో ఉంచుకోగలిగిన ఇంటి పని ఆగదు, అంతే.

ఈ గడ్డమీద మేస్త్రి తన పేరు చెప్పుకున్న రోజులూ ఉన్నాయి. జగ్గయ్యపేట దగ్గర ధనంబోడు మీద బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ బయటపడ్డ ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు శాసనాల్లో సిద్ధార్థుడనే శిల్పి కనిపిస్తాడు. శాసనం అతన్ని ఆవేశని అంటుంది, అంటే పనివాళ్ల పెద్ద. తండ్రి నాకచందుడూ ఆవేశనే. తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు తన ఖర్చుతో నిలిపానని చెప్పి, తల్లి పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు, సోదరుడి పేరు కూడా చెక్కించాడు. ఇప్పటి ఇళ్ల గోడకు చలవరాతి మీద ఇంటివారి పేరుంటుంది. కట్టినవాడి పేరు వాళ్ల ఫోనులో తప్ప ఎక్కడా ఉండదు.

ఒప్పందం దగ్గరే తగవులకు విత్తనం పడుతుంది. కూలి రేటు చదరానికి ఇంత అని మాట్లాడుకుంటారు. చదరమంటే వంద చదరపు అడుగులు. ఈమధ్య అడుగు లెక్కా వచ్చింది. ఏ లెక్కయినా రేటు కంటే కొలతే ముఖ్యం. కొలిచేది స్లాబునా, గోడల మధ్య జాగానా? సజ్జలు లెక్కలోకి వస్తాయా, సగమా, పూర్తిగానా? మెట్లు, పిట్టగోడ, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ ఇందులోవేనా, వేరేనా? ఇవి ముందే మాట్లాడుకోకపోతే, రేటు తక్కువని సంతోషించిన ఇంట్లో చివర మెట్ల దగ్గర మాట పెరుగుతుంది. చిన్నవిగా కనిపించేవి ఇంకా ఉన్నాయి. సెంట్రింగు రేకులు, పోట్లు ఎవరివి? మిక్సరు అద్దె ఎవరిది? రోడ్డు మీద దింపిన ఇటుకను లోపలికి మోసేదెవరు? కరెంటు వాళ్లు గాడులు కొట్టాక వాటిని మాలుతో పూడ్చేదెవరు? తాపీమేస్త్రి అది తన పని కాదంటాడు. కరెంటు పనివాడు తనకు తాపీ పట్టడం రాదంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే.

స్టాంపు కాగితం ఉన్నా లేకపోయినా ఒక అరఠావు మీద ఇవన్నీ రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోవడం మంచిది. చాలాచోట్ల మేస్త్రి ముందు నొచ్చుకుంటాడు. "మన మధ్య కాగితాలేంటండీ" అంటాడు. కొలతల కాగితం తనకూ రక్షణేనని ఒక ఇల్లు అయ్యాక అతనికే తెలుస్తుంది, ఎందుకంటే పని మధ్యలో "మేస్త్రిగారూ, ఈ గూడు కూడా కట్టేయండి" అని ఊరికే అడిగేది ఇంటివారే.

డబ్బు మెట్లవారీగా ఇవ్వడం ఆనవాయితీ: బేస్‌మట్టానికి ఇంత, లింటల్‌కి ఇంత, స్లాబుకి ఇంత, ప్లాస్టరింగుకి ఇంత. ఇక్కడొక చిక్కుంది. గోడలు, స్లాబు కంటికి గబగబా లేస్తాయి, డబ్బు కూడా అలాగే పోతుంది. ప్లాస్టరింగు, గచ్చు, అంచులు, గూళ్లు నత్తనడక. స్లాబు నాటికే పైకమంతా దాదాపు ముట్టిపోతే మిగిలిన పని చేయడానికి మేస్త్రికి గిట్టదు. అలాంటి ఇళ్లలో స్లాబు పడ్డాక ముఠా పలచబడుతుంది. మెట్లు నిర్ణయించేటప్పుడు ఏ మెట్టుకు ఎన్ని రోజుల కూలి పడుతుందో చూసి పంచాలి. కూలీల వారపు డబ్బు మాత్రం ఆపకూడదు. మేస్త్రి మీద కోపం కూలి మీద చూపితే మర్నాడు వచ్చేవాళ్లు ఉండరు.

పంచాంగం, పంట కూడా పని రోజుల లెక్కలో ఉంటాయి. మిరప కోతలప్పుడు ఆడకూలీలు తోటల్లో ఉంటారు. మాఘ ఫాల్గుణాల్లో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లు వస్తాయి. ఆ రోజుల్లో స్లాబు పెట్టుకున్నవాళ్లు జనం కోసం వెతుక్కోవాలి. మూఢాల్లో గుమ్మం ఎత్తరు. ఆషాఢంలో గృహప్రవేశం చేయరు. టైల్సు, మార్బుల్ పనికి రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లకు హోలీ, దీపావళి ఉన్నాయి. మేస్త్రి పదిహేను రోజులన్నాడంటే ఈ సెలవులన్నీ కలిపి చెప్పాడో లేదో అడగాలి.

గుమ్మం దగ్గర రెండు పనులు మొదటిసారి కలుస్తాయి. ద్వారబంధం వస్తేగాని గోడ లేవదు. వడ్రంగి ఆలస్యం చేస్తే తాపీ ముఠా ఖాళీ. అందుకే పునాది తీసేనాటికే కలప కోతకు వెళ్లి ఉండాలి. గుమ్మం కింద నవధాన్యాలు, నాణేలు వేసి పూజ చేసే సంబరంలో ఒక కొలత మరుగున పడుతుంది. లోపల టైలు ఎంత మందం వస్తుందో ముందే తేల్చి ఆ లెక్కకు గడప ఎత్తు పెట్టాలి. లేకపోతే ఏడాది తర్వాత తలుపు టైలుకు రాసుకుంటుంది. వడ్రంగి టైల్స్‌వాళ్లను అంటాడు, టైల్స్‌వాళ్లు తాపీమేస్త్రిని అంటారు. ఇక ఇటుకపని ఒక రోజులో 1.5 మీటర్ల ఎత్తుకు మించి లేపకూడదు. తూకం గుండు వేలాడదీసి, రసమట్టం ఆనించి చూడటం ఇంటివారు కూడా చేయగలిగిందే. మేస్త్రి దాన్ని అవమానంగా తీసుకోడు, అలవాటుగా చూసేవాళ్లయితే.

స్లాబు రోజు ఈ ప్రాంతంలో చిన్న పండుగ. తెల్లవారుతూనే మిక్సరు, లిఫ్టు, వైబ్రేటరు, స్లాబు ముఠా దిగుతాయి. కొబ్బరికాయ, మధ్యాహ్నం మాంసం కూరతో భోజనం, మేస్త్రికి బట్టలు. అయితే ఆ రోజు చూసుకోవలసినవన్నీ ముందురోజు సాయంత్రమే అయిపోవాలి. సెంట్రింగు కింద పోట్లు నేలలోకి దిగకుండా పలకలున్నాయా? ఊచల కింద కవరు బిళ్లలున్నాయా? స్లాబు అడుగున ఊచకూ బయటి గాలికీ మధ్య కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలి. ఫ్యాన్ పెట్టెలు, కరెంటు గొట్టాలు, వాననీటి గొట్టాల దారులు పెట్టారా? ఇక్కడ ముగ్గురి పని ఒకే రేకు మీద కలుస్తుంది: సెంట్రింగు వాళ్లది, రాడ్‌బెండింగు వాళ్లది, కరెంటు వాళ్లది. చివర వచ్చినవాడు ముందువాళ్ల పని తొక్కుతాడు.

తొక్కడం వల్ల ప్రాణం మీదికి వచ్చేది సజ్జల దగ్గర, బాల్కనీల దగ్గర. గోడమీద ఆనిన స్లాబులో ప్రధానమైన ఇనుము గదుల నడుమ అడుగుభాగాన ఉంటుంది. గోడనుంచి బయటికి చొచ్చుకువచ్చే సజ్జలో అది పైభాగాన ఉండాలి, ఎందుకంటే సజ్జ కిందికి వంగబోతే చీలేది పైవైపు. కాంక్రీటు తట్టలతో నడిచేవాళ్ల కాళ్ల కింద ఆ పై ఊచలు నలిగి అడుగుకు చేరితే సజ్జ పైకి నిండుగా కనిపిస్తుంది. సెంట్రింగు తీసిన రోజున గాని, వానాకాలంలో దానిమీద ఎవరో నిలబడిన రోజున గాని విరుగుతుంది. ఊచల కింద కుర్చీలు వేసి, నడిచేందుకు పలకలు పరచి, సజ్జ పోసేటప్పుడు ఒక మనిషిని కేవలం ఇనుము పైకెత్తి పట్టుకోవడానికి పెట్టడం వృథా కూలి కాదు.

నీళ్ల దగ్గర ముఠాకూ ఇంటికీ ప్రయోజనాలు వేరు. పలచగా కలిపితే కాంక్రీటు సులువుగా జారుతుంది, పని తొందరగా తెములుతుంది. 1:1½:3 పాళ్ల కాంక్రీటుకు ఇసుక తేమతో సహా బస్తాకు 30 లీటర్ల నీళ్లు దాటకూడదని ఐ.ఎస్. 456 ప్రమాణం. మిక్సరు దగ్గర నీళ్లు పోసే మనిషికి గొట్టం బదులు కొలిచిన బకెట్ ఇస్తే సగం సమస్య తీరుతుంది. ఆ బకెట్ కొనడం ఇంటివారి పని.

కాంక్రీటు పడ్డాక మళ్లీ నీళ్ల ప్రశ్నే వస్తుంది, ఈసారి తలకిందులుగా. అప్పుడు వద్దన్న నీళ్లు ఇప్పుడు రోజుల తరబడి కావాలి. తడపడం ఎవరి పని? ఏ ముఠా లెక్కలోనూ అది ఉండదు. మే నెలలో నందిగామ ఎండకు ఉదయం కొట్టిన నీళ్లు పదిగంటలకు ఆరిపోతాయి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు 10 రోజులకు తగ్గకుండా, వీలైతే 14 రోజులు తడి ఆరనివ్వకూడదు. స్లాబు మీద వరిమడికి కట్టినట్టు మాలుతో చిన్న గట్లు కట్టి నీళ్లు నిలబెడతారు. గోడలకూ స్తంభాలకూ ఆ వీలు లేదు. గోనెపట్టాలు చుట్టి తడపాలి. స్తంభాలను తడపడం మరిచిపోయే ఇళ్లు చాలా. నిలువుగా ఉన్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. చాలా ఇళ్లలో ఈ పని ఇంటావిడ మీద పడుతుంది. ఇంటి బలంలో ఆమె చేతి నీళ్ల వాటాను ఏ లెక్కలోనూ రాయరు.

అదే వారంలో సెంట్రింగు వాళ్లు రేకుల కోసం వస్తారు. వాళ్లకు అవి ఇంకో ఇంట్లో కావాలి. 4.5 మీటర్ల లోపు స్లాబుకు పోట్లు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. 6 మీటర్ల లోపు దూలాల కింద 14 రోజులు, ఇంకా పొడవైతే 21 రోజులు. ఇవి మామూలు సిమెంటుకు చెప్పిన కనీసాలు. బూడిద సిమెంటుకు ఇంకొన్నాళ్లు ఆగడం మేలు. రేకుల అద్దె రోజు లెక్కన కాకుండా స్లాబు మొత్తానికి మాట్లాడి, తీసే తేదీని ఒప్పందంలోనే రాస్తే ఈ తొందర ఉండదు.

ప్లాస్టరింగుకు ముందు గోడల్లో గొట్టాలు పరిచిన రోజున ప్రతి గోడనూ ఫోనులో ఫోటో తీసుకోవాలి, పక్కన టేపు ఆనించి. తర్వాత మేకు కొట్టేటప్పుడు ఎక్కడ వైరుందో, ఎక్కడ నీళ్ల గొట్టముందో చెప్పేది ఆ ఫోటోలే. స్నానాల గదుల్లో ప్లంబరు స్లాబుకు కన్నం పెట్టిన చోటే తర్వాత చెమ్మ దిగుతుంది. ప్లంబరు గొట్టం పెట్టి పోతాడు. చుట్టూ మిగిలిన ఖాళీని తాపీమేస్త్రి పైపైన పూస్తాడు. టైల్స్‌వాళ్లు దాన్ని కప్పేస్తారు. టైలు వేయకముందే గదిలో నీళ్లు నిలిపి రెండు రోజులు కింద చూస్తే ఆ తప్పు దాగదు.

పనివాళ్ల భద్రత, బీమా సంగతులు ఇంటివారు తమవి కావనుకుంటారు. సరుగుడు బాదుల పరంజా మీదనుంచి పడటం, వీధిలోని కరెంటు తీగకు ఊచ తగలడం, ఇవే తరచు జరిగే ప్రమాదాలు. తీగ దగ్గరగా ఉంటే ఊచలు పైకెక్కించేటప్పుడు లైన్‌మాన్‌కు చెప్పి సరఫరా ఆపించాలి. 1996 చట్టం కింద ఏర్పడ్డ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు, ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాళ్లు పేరు నమోదు చేయించుకోవచ్చు. ముఠాలో ఎవరికి కార్డుందో మేస్త్రిని అడిగి తెలుసుకోవడం ఖర్చులేని పని.

చివరి లెక్క గృహప్రవేశం నాడు చూడరాదు. ఆ రోజు అందరూ మొహమాటంలో ఉంటారు, మేస్త్రికి బట్టలు పెట్టి ఉన్నదంతా ఇచ్చేస్తారు. ఒప్పందంలో కొంత పైకాన్ని తొలి వానాకాలం దాకా ఉంచుతామని రాసుకోవడం న్యాయమే, ఆ సొమ్ము మేస్త్రిది అని ఇంటివారు గుర్తుంచుకున్నంత వరకు. వానలు పడ్డాక మేస్త్రిని పిలిచి ఇద్దరూ కలిసి పైకెక్కుతారు. స్లాబు మీద నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, పిట్టగోడ మూల ఎక్కడ తడి పడుతోందో, కిటికీ సజ్జ కింద గీత ఏదైనా వచ్చిందో చూస్తారు. రేగడిలో కట్టిన ఇల్లయితే గోడ చుట్టూ వేసిన గచ్చు నేలనుంచి విడిపోయిందేమో వంగి చూస్తారు. సరిచేయవలసింది సరిచేశాక మిగిలిన పైకం ఇచ్చి, చిట్టా పుస్తకంలో మేస్త్రిచేత సంతకం పెట్టించుకుంటారు.